వంగిన మెడలు, వంగని ఎముకలు: కాలేజీ బెంచీ మీద వెన్నెముకకు అసలేం జరుగుతోంది?

క్లుప్తంగా: కాలేజీ వయసులో కనిపించే గూని, ముందుకు చొచ్చుకొచ్చిన మెడ, హెచ్చుతగ్గుల భుజాలు చాలావరకు ఎముక వంకరలు కావు. కండరాలు, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు ఒకే తీరుకు అలవాటు పడటం వల్ల వచ్చినవి. నొప్పి విషయంలో ఎలా కూర్చున్నారన్న దానికన్నా, ఎంతసేపు కదలకుండా కూర్చున్నారన్నదే పెద్ద ప్రశ్న. ఎముకలోనే వంకర ఉన్నవాళ్లు, కీళ్లవాతం మొదలైనవాళ్లు తక్కువమందే అయినా వాళ్లను ఆలస్యంగా గుర్తిస్తే నష్టం పూడ్చలేనిది.

మెడ నొప్పి అంటూ సెలవులకు ఇంటికొచ్చిన బీటెక్ కుర్రాడి చేతిలో ఎక్స్‌రే రిపోర్టు ఉంటుంది. మెడ దగ్గర వెన్నెముకకు ఉండాల్సిన వంపు తగ్గి నిటారుగా కనిపిస్తోందని అందులో ఒక్క ముక్క రాసి ఉంటుంది. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ‘స్పాండిలైటిస్ అట’ అని తెలిసిపోతుంది. ఒకరు కాలర్ కట్టుకోమంటారు, ఒకరు దిండు తీసేయమంటారు, ఇంకొకరు ఫోన్ లాక్కోమంటారు.

నిజానికి స్పాండిలోసిస్ వేరు, స్పాండిలైటిస్ వేరు. మొదటిది వయసుతో వచ్చే అరుగుదల. రెండోది వాపుతో కూడిన కీళ్లవాతం. మన ఇళ్లలో మాత్రం మెడ పట్టేస్తే చాలు, కారణం ఏదైనా రెండో పేరే పెట్టేస్తారు. పంతొమ్మిదేళ్లకే అరుగుదల వల్ల నొప్పి రావడం అరుదు. కీళ్లవాతం అయితే దాని లక్షణాలే వేరుగా ఉంటాయి. ఇక రిపోర్టులో రాసిన ‘వంపు తగ్గడం’ అంటారా, నొప్పికి కండరాలు బిగుసుకుపోయినా అలాగే కనిపిస్తుంది, ఫిల్మ్ తీసేటప్పుడు గడ్డం కాస్త దించి నిలబడినా అలాగే కనిపిస్తుంది. అదొక్కటే జబ్బు పేరు కాదు.

ఒకే మాట కింద మూడు సంగతులు

‘పోశ్చర్ ప్రాబ్లం’ అని ఒక్కమాటలో తేల్చేసే దానిలో మూడు రకాలు కలిసిపోయి ఉన్నాయి. ఎముక ఆకారం మామూలుగానే ఉండి, కండరాల అలవాటు వల్ల శరీరం వంగి కనిపించడం ఒకటి. వెన్నుపూసల ఆకారమో వరసో మారిపోవడం రెండోది. పార్శ్వ గూని అనే స్కోలియోసిస్ దీనిలోకే వస్తుంది. వ్యాధి వల్ల వెన్ను బిగుసుకుపోవడం మూడోది. మొదటి రకం వ్యాయామంతో సర్దుకుంటుంది. రెండోదానికి డిగ్రీలు కొలిచి నిర్ణయం తీసుకోవాలి. మూడోదానికి మందులు కావాలి. మొదటి దానికి భయపడి రెండు, మూడు రకాలను పట్టించుకోకపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

తేడా తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష ఉంది. గచ్చు మీద చాప పరిచి వెల్లకిలా పడుకోవాలి. రెండు నిమిషాల్లో వీపు నేలకు ఆని, దిండు లేకుండానే తల హాయిగా నేలను తాకితే ఆ గూని కండరాలదే. ఎంత వదులు చేసినా తల కింద ఎత్తు కావాల్సి వస్తున్నా, వీపు మధ్యలో గట్టి మిట్ట తగులుతున్నా ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి.

నులక మంచం లాంటి వీపు

పుట్టినప్పుడు వెన్నులో 33 పూసలు ఉంటాయి. పెద్దయ్యేసరికి అడుగున ఉన్నవి అతుక్కుపోయి, కదిలేవి 24 మిగులుతాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5. పక్క నుంచి చూస్తే ఇది కర్రలా ఉండదు. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంగి ఉంటుంది. వీపు దగ్గర 20 నుంచి 45 డిగ్రీల దాకా వంపు ఉండటం సహజం. ‘వీపు పలకలా ఉండాలి’ అన్న పెద్దల మాటలో ఉద్దేశం మంచిదే కానీ, పలకలాంటి వీపు ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా.

కుర్చీలో జారగిలబడి ముందుకు ఒరిగి కూర్చున్నప్పుడు తుంటి ఎముక వెనక్కి తిరుగుతుంది, నడుము వంపు మాయమవుతుంది. అలా వంగే కొద్దీ ఒక దశలో వీపు కండరాలు పని మానేస్తాయి. బరువంతా పూసల వెనకున్న లిగమెంట్ల మీద, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ వెనక గోడ మీద వేలాడుతుంది. అందుకే ఆ భంగిమ మొదట్లో సుఖంగా ఉంటుంది, కండరానికి శ్రమ ఉండదు కదా. లిగమెంట్లు మాత్రం నెమ్మదిగా సాగుతాయి.

నులక మంచం మీద ఒకేచోట రోజూ పడుకుంటే మధ్యలో గుంట పడుతుంది. లేచిన వెంటనే తాడు కొంత పైకి వస్తుంది కానీ, మొత్తం రాదు. వీపూ అంతే. ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి కూర్చున్న తర్వాత లేస్తే, సాగినదాంట్లో దాదాపు సగం రెండు నిమిషాల్లో వెనక్కి వస్తుంది. మిగతా సగానికి అరగంట పైనే పట్టొచ్చు. ఇరవై నిమిషాలకే ఇలా అయితే మూడు గంటల స్టడీ అవర్ సంగతి చెప్పక్కర్లేదు. అలా సాగి ఉన్న స్థితిలో లేచీలేవగానే నీళ్ల క్యాను ఎత్తబోతే నడుము పట్టేస్తుంది. చాలామంది క్యానుదే తప్పనుకుంటారు. తప్పు అంతకుముందు మూడు గంటలది.

అయితే నిటారుగా బిగదీసుకు కూర్చుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. అప్పుడు బరువు లిగమెంట్ల మీద కాక కండరాల మీద పడుతుంది. కండరం తన శక్తిలో కొద్దిపాటి శాతమే వాడినా, విడుపు లేకుండా వాడితే లోపల రక్తప్రసరణ తగ్గి అలిసిపోతుంది. పది నిమిషాల తర్వాత మళ్లీ జారడం బద్ధకం వల్ల కాదు, ఆ అలసట వల్ల. ‘సరిగా కూర్చో’ అని రోజుకు ఇరవైసార్లు చెప్పినా ఫలితం కనబడకపోవడానికి కారణమిదే.

కూర్చోవడమే వెన్నుకు విషం అన్న ప్రచారానికి మూలం 1960, 70 దశకాల్లో స్వీడన్‌లో డిస్క్ లోపలి ఒత్తిడి మీద జరిగిన కొలతలు. నిలబడితే 100 అనుకుంటే, ఆనుకోకుండా కూర్చుంటే 140, ముందుకు వంగి కూర్చుంటే 185 అని అప్పుడు తేలింది. 1999లో జర్మనీలో ఒక వాలంటీరు డిస్క్‌లో సెన్సరు పెట్టి కొలిస్తే లెక్క మారింది: నిలబడితే 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), ఊరికే కూర్చుంటే 0.46, కుర్చీలో వెనక్కి జారగిలబడితే 0.27. ఒక్క మనిషి మీద చేసిన కొలతే కాబట్టి దాన్నే పట్టుకుని ఊరేగక్కర్లేదు. అయినా రెండు కొలతలకూ పొసిగే విషయం ఒకటుంది: వెనక్కి ఆనుకుంటే బరువు తగ్గుతుంది, ముందుకు వంగితే పెరుగుతుంది. కాలేజీ బెంచీకి వెనక ఆనుకునే చెక్కే ఉండదు.

బెంచీ లెక్క

ఎక్కువ కాలేజీల్లో బల్ల ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు, బెంచీ ఎత్తు సుమారు 45. రెండూ ఒకే ఇనుప చట్రానికి వెల్డింగ్ చేసి ఉంటాయి, జరపడానికి వీలుండదు. దీని మీద 152 సెంటీమీటర్ల అమ్మాయి, 180 సెంటీమీటర్ల అబ్బాయి కూర్చుంటారు.

నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఉండే ఎత్తు మనిషి ఎత్తులో దాదాపు నాలుగో వంతు. అంటే అమ్మాయికి 38 సెంటీమీటర్లు, అబ్బాయికి 45. కూర్చున్నప్పుడు మోచేయి సీటు నుంచి 22–25 సెంటీమీటర్ల పైన ఉంటుంది. రాసుకోవడానికి బల్ల మోచేతి కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు ఎత్తుంటే చాలు. ఈ లెక్కన సీటుకూ బల్లకూ తేడా 25–29 ఉండాలి. ఇక్కడ 30 ఉంది. అబ్బాయికి ఇది కొంచెం ఎత్తు. అమ్మాయికి బల్లా ఎత్తే, సీటూ ఎత్తే.

అమ్మాయి పాదాలు నేలకు సరిగా ఆనవు. కాళ్లు వేలాడకుండా ఉండాలంటే సీటు అంచుకు జరగాలి, అప్పుడు తొడల కింద ఆధారం తగ్గుతుంది. బల్ల ఎత్తు కాబట్టి రాసే చేతిని పైకెత్తాలి, కుడి భుజం చెవి వైపు లేస్తుంది. మెడకూ భుజానికీ మధ్య ఉండే కండరం ఆ భుజాన్ని గంటల తరబడి మోస్తుంది. పరీక్షల నెలలో కుడివైపు మెడ, రెక్క ఎముక పైమూల నొప్పి అని చెప్పేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. ‘ఒక భుజం పైకి, ఒకటి కిందికి ఉంది’ అని తల్లులు గమనించేదీ ఇదే.

అబ్బాయి పరిస్థితి వేరు. పుస్తకం బల్ల మీద పడుకోబెట్టి ఉంటుంది, కళ్లు దానికి యాభై అరవై సెంటీమీటర్ల పైన ఉంటాయి. చిన్న అక్షరాలు చదవాలంటే ముప్ఫై, నలభైకి రావాలి. బల్ల పైకి రాదు కాబట్టి మనిషే కిందికి దిగుతాడు. నడుము, వీపు, మెడ మూడూ కలిసి వంగుతాయి. పొడుగు పిల్లలకు గూని ఎక్కువగా కనిపించడానికి సిగ్గుతో వంగి నడవడం కొంత కారణమైతే, బల్ల మిగతా కారణం.

పోటీ పరీక్షలవాళ్లు అద్దెకు కూర్చునే స్టడీ హాళ్లలో బెంచీ బదులు ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. దాని సీటు వెనక్కి వాలి ఉంటుంది. వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి చేసిన కుర్చీ అది. బల్ల వైపు ఒరిగి రాయగానే వీపుకు ఆనుడు పోతుంది, వెనక్కి వాలిన సీటు తుంటిని వెనక్కి లాగుతుంది, నడుము గుండ్రమవుతుంది. దుప్పటి మడతపెట్టి సీటు వెనక సగంలో మాత్రమే నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు వేస్తే తుంటి ముందుకు తిరిగి నడుము వంపు దానంతటదే వస్తుంది. సీటంతా పరిస్తే ఎత్తు పెరుగుతుందే తప్ప వాలు మారదు.

హాస్టల్ మంచం మీద ల్యాప్‌టాప్ అన్నింటికన్నా ఇరుకైన వ్యవహారం. తెరా, కీబోర్డూ ఒకదానికొకటి అతికే ఉంటాయి కాబట్టి తెర కళ్లెదురుగా ఉంటే చేతులు గాలిలో ఉంటాయి, చేతులు సరిగ్గా ఉంటే మెడ వంగుతుంది. ల్యాప్‌టాప్ తయారీలోనే ఉన్న లోపం ఇది, ఎలా కూర్చున్నా పోదు. విడిగా ఒక కీబోర్డు, కింద 10–15 సెంటీమీటర్ల పుస్తకాల దొంతర పెడితేనే పోతుంది.

27 కిలోల తల కథ

ఫోన్ చూసే మనిషి మెడ మీద కిలోలు రాసిన బొమ్మ ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతోంది. ఆ అంకెలు 2014లో న్యూయార్క్‌కు చెందిన ఒక వెన్నెముక సర్జన్ చేసిన కంప్యూటర్ లెక్కలు. తల బరువు సుమారు 5 కిలోలు. 15 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 12 కిలోలు, 30కి 18, 45కి 22, 60కి 27. నిండు గరిటెను గిన్నె భాగానికి దగ్గరగా పట్టుకుంటే బరువు తేలిక, పిడి చివర పట్టుకుంటే మణికట్టు మీద భారం పెరిగినట్టే ఇదీ. సూత్రం సరైనదే. కానీ ఇది మనుషుల మెడల్లో కొలిచింది కాదు. మెడ వంచిన ప్రతివాడికీ జబ్బు వస్తుందని ఇందులో ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే కుట్టుమిషన్ దగ్గర, వరినాట్లలో, బీడీలు చుట్టేచోట కూడా తలలు గంటల తరబడి వంగే ఉంటాయి.

2019లో ఇంకా విచిత్రమైన వార్త వచ్చింది: ఫోన్ల వల్ల కుర్రాళ్ల పుర్రెల వెనక కొమ్ములు మొలుస్తున్నాయని. ఆస్ట్రేలియాలో ఎక్స్‌రేలు పరిశీలించి రాసిన వ్యాసం దానికి ఆధారం. తల వెనక కండరాలు అతుక్కునే చోట చిన్న ఎముక మిట్ట చాలామందికి సహజంగానే ఉంటుంది. ఆ పరిశోధనలో ఎవరు ఎంతసేపు ఫోన్ చూశారో కొలవనే లేదు. తర్వాత వ్యాసకర్తలే దిద్దుబాటు ప్రచురించారు. దిద్దుబాటు మాత్రం వైరల్ కాలేదు.

భంగిమకూ నొప్పికీ లంకె ఎంత?

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వస్తున్న పిల్లల బృందంలో, పదిహేడేళ్ల వయసున్న దాదాపు 1,100 మంది మెడ, వీపు తీరును ఫొటోలతో కొలిచారు. నిటారుగా కూర్చునేవాళ్లు, జారి కూర్చునేవాళ్లు, మెడ ముందుకు పెట్టేవాళ్లు అని విడదీసి చూస్తే మెడ నొప్పిలో, తలనొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వీపు జారి, మెడ ముందుకొచ్చిన గుంపులో దిగులు లక్షణాలు మాత్రం ఎక్కువ కనిపించాయి. వంగడం వల్ల దిగులో, దిగులు వల్ల వంగడమో ఆ కొలత చెప్పలేదు. పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లాడి భుజాలు వాలిపోయి ఉంటే నడుముకు బెల్టు కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉందని మాత్రం అర్థమవుతుంది.

స్కానింగుల సంగతీ ఇలాంటిదే. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లకు ఎంఆర్‌ఐ తీస్తే సుమారు 30 శాతం మందిలో డిస్క్ ఉబ్బు, 37 శాతం మందిలో డిస్క్ క్షీణత కనిపిస్తాయని 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష తేల్చింది. అంటే మెడ పట్టేసిన కుర్రాడి స్కాన్‌లో ‘బల్జ్’ అని కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణం అని చెప్పడానికి వీల్లేదు. ఈ సంగతి చెప్పకుండా రిపోర్టు చేతిలో పెడితే, ఆ కుర్రాడు కదలడానికే భయపడతాడు. కదలకపోతే నొప్పి ఎక్కువవుతుంది.

భంగిమకు పాత్రే లేదని దీని అర్థం కాదు. నిద్ర తక్కువ, నడక తక్కువ, ఒత్తిడి ఎక్కువ ఉన్న శరీరంలో కదలని భంగిమ నొప్పిని రాజేస్తుంది. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో తెల్లవారుజామున మొదలై రాత్రి పదిదాకా సాగే రోజులో ఈ మూడూ ఒకేసారి ఉంటాయి. పైగా ఎముకలు గట్టిపడే వయసూ అదే. జీవితంలో చేరుకోగల గరిష్ఠ ఎముక సాంద్రతలో దాదాపు 90 శాతం ఆడపిల్లలకు 18 ఏళ్లకు, మగపిల్లలకు 20 ఏళ్లకు సమకూరుతుంది. ఆ సాంద్రతకు గెంతడం, పరుగెత్తడం లాంటి తాకిడి, ఎండ, పాలు, రాగులు కావాలి. ఆ ఏళ్లలో గ్రౌండ్ పీరియడ్ తీసేయడం వల్ల జరిగే నష్టం గూనిలా అద్దంలో కనబడదు, యాభై ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

బ్యాగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం బ్యాగు బరువు శరీర బరువులో పదో వంతు మించొద్దంది. కాలేజీలకూ అదే కొలత పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్, చార్జర్, లీటరు నీళ్లు, టిఫిన్ బాక్సు, రికార్డులు కలిపితే ఆరేడు కిలోలు అవుతాయి. 50 కిలోల అమ్మాయికి అది ఎక్కువే. ఒకే భుజాన వేసుకుంటే నడుస్తున్నంతసేపు ఒళ్లు పక్కకు ఒరుగుతుంది, నొప్పి రావచ్చు. బ్యాగు వల్ల వెన్నెముక శాశ్వతంగా వంకరపోదు.

నిజంగా ఎముక వంగినప్పుడు

స్కోలియోసిస్‌లో వెన్నెముక పక్కకు వంగడమే కాదు, తాడు మెలికపడ్డట్టు తిరుగుతుంది కూడా. ఎక్స్‌రే మీద కొలిచే కాబ్ కోణం 10 డిగ్రీలు దాటితేనే ఆ పేరు పెడతారు. కౌమారంలో 2–3 శాతం మందికి ఉంటుంది. చాలామందికి కారణం తెలియదు. కూర్చునే తీరు వల్ల, బ్యాగు వల్ల, మంచం వల్ల రాదు. కాబట్టి తల్లిదండ్రులు తమను తాము నిందించుకోవాల్సిన పని లేదు.

పట్టుకోవడం సులువు. పాదాలు దగ్గరగా, మోకాళ్లు నిటారుగా ఉంచి, రెండు అరచేతులు కలిపి, వీపు నేలకు సమాంతరం అయ్యేదాకా ముందుకు వంగమనాలి. వెనక నుంచి చూస్తే పక్కటెముకల దగ్గర ఒకవైపు మిట్టగా లేస్తే అది మెలిక. నిలబడినప్పుడు భుజాలు హెచ్చుతగ్గుగా ఉన్నా, వంగినప్పుడు వీపు రెండు వైపులా సమంగా ఉంటే అలవాటో, కాళ్ల పొడవులో తేడానో కారణం కావచ్చు.

వయసు ఇక్కడ కీలకం. ఎదుగుదల ఇంకా ఉన్నవాళ్లలో 25 నుంచి 40 డిగ్రీల వంకరకు బ్రేస్ (ఒంటికి బిగించే గట్టి తొడుగు) వేస్తారు. బ్రేస్ వేస్తే వంకర ఆపరేషన్ దాకా వెళ్లడం బాగా తగ్గుతుందని, ఎన్ని గంటలు తొడిగితే అంత ఫలితమని 2013లో ప్రచురితమైన అమెరికా పరిశోధన రుజువు చేసింది. ఎదుగుదల ఆగిపోయాక బ్రేస్ పనిచేయదు. డిగ్రీ రెండో ఏడాదిలో గమనిస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. 30 డిగ్రీల లోపు ఉండి ఎదుగుదల ముగిస్తే సాధారణంగా ఆ తర్వాత పెరగదు. 50 దాటినది ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుంది. 45–50 దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. అందుకే ఈ పరీక్ష కాలేజీలో కన్నా ఏడో తరగతిలో చేస్తే ప్రయోజనం ఎక్కువ.

షూయర్‌మన్ గూని అనేది ఇంకొకటి. వీపు దగ్గర వరసగా మూడు లేక అంతకన్నా ఎక్కువ పూసలు ముందువైపు 5 డిగ్రీలకు మించి చీలికలా సన్నబడతాయి. వెల్లకిలా పడుకున్నా పోని గూని ఇదే. దీన్ని బద్ధకం అని తిట్టి వ్యాయామం లేకుండా వదిలేస్తే వంపు ముదరవచ్చు.

తెలుగు నేల మీద వంగిన వెన్నులకు ఇంకో చరిత్రా ఉంది. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్య పత్రికల్లో నమోదు చేశారు. నల్లగొండ పేరు ఆ తర్వాత దేశమంతా తెలిసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకు చాలా ఎక్కువ తాగితే లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్ను బిగుసుకుపోతుంది. బోరునీళ్ల ఊళ్ల నుంచి వచ్చి, పళ్ల మీద గోధుమరంగు గారలున్న విద్యార్థి వెన్ను బిగుతు అంటే డాక్టరు నీళ్ల సంగతి కూడా అడగాలి.

రాత్రి లేపే నడుం నొప్పి

మొదట్లో చెప్పుకున్న వెన్ను కీళ్లవాతం, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, సరిగ్గా కాలేజీ, ఉద్యోగం మొదలయ్యే వయసులో వస్తుంది. కూర్చున్నందువల్ల వచ్చే నొప్పికి ఇది తలకిందులు. మామూలు నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. ఇది విశ్రాంతితో పెరిగి, నడిస్తే తగ్గుతుంది. రాత్రి రెండో సగంలో మెలకువ తెప్పిస్తుంది. పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుము కొయ్యబారినట్టు ఉంటుంది. పిరుదుల్లో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నొప్పి మారుతుంది. కొందరికి కన్ను ఎర్రబడి నొప్పి పెడుతుంది, మడమ వెనక వాస్తుంది. మూడు నెలలు దాటి ఇలా ఉంటే ఎముకల డాక్టరు కన్నా కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు దగ్గరకు వెళ్లడం మేలు. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ‘హాస్టల్ మంచం పడలేదు’ అనుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లు చాలామంది. ఆలోపు పూసలు ఒకదానికొకటి అతుక్కుంటే వాటిని విడదీసే మందు లేదు.

కాలు తిమ్మిరెక్కి బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం లేదా పట్టు తప్పడం, జ్వరంతో, బరువు తగ్గడంతో కూడిన నొప్పి ఉంటే అసలు ఆగకూడదు. మన దేశంలో వెన్ను క్షయ ఇప్పటికీ ఉంది.

బల్లను మార్చలేకపోతే పుస్తకాన్ని లేపాలి

భాగవతం చదివే తాతగార్లు పుస్తకాన్ని నేల మీద పెట్టేవారు కాదు, వ్యాసపీఠం మీద పెట్టేవారు. అది గ్రంథానికి గౌరవమే కాదు, మెడకు గొప్ప ఉపకారం. రెండు చెక్కలు ఒకదానిలో ఒకటి దూర్చిన ఆ పీట పుస్తకాన్ని కళ్ల వైపు వాలుగా లేపుతుంది. షావుకారు గుమాస్తాల ముందుండే వాలు మూత రాతపెట్టె పనీ అదే. ఈ రెంటినీ వదిలేసి చదునైన బల్లకు వచ్చాక మెడ వంచక తప్పలేదు. చదవడానికి 45 డిగ్రీల దాకా, రాయడానికి 15–20 డిగ్రీల వాలు సరిపోతుంది. పరీక్ష ప్యాడ్ కింద పైఅంచు వైపు 8–10 సెంటీమీటర్ల మందం పుస్తకం పెడితే దాదాపు ఆ వాలు వస్తుంది. ఇంతకన్నా చవకైన చికిత్స లేదు.

పొట్టివాళ్లు కాళ్ల కింద ఇటుకో, పాత పుస్తకాల కట్టో పెట్టుకోవాలి. పొడుగువాళ్లు సీటు మీద మడత దుప్పటి వేసుకుని, పుస్తకాన్ని అదే కొలతన లేపుకోవాలి. ఫోన్‌ను ఛాతీ దగ్గర కాక గడ్డం ఎత్తులో పట్టుకుని, మోచేతులను ఒంటికి ఆనించుకుంటే చేతులు అంత తొందరగా అలిసిపోవు.

అరగంటకోసారి ఒకటి రెండు నిమిషాలు లేవడం వీటన్నిటికన్నా ముఖ్యం. లేచి ఊరికే నిలబడటం కాదు. చేతులు నడుము వెనక పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగాలి, సాగిన వైపును మళ్లీ ముడవాలి.

వ్యాయామాల్లో ఎక్కువమంది తప్పు చేసేది గడ్డం వెనక్కి జరపడం. గోడకు వీపు ఆనించి, మడమలు 5–10 సెంటీమీటర్లు ముందుకు పెట్టి నిలబడాలి. చూపు ఎదురుగా ఉంచి, బల్ల సొరుగును లోపలికి తోసినట్టు తలను తిన్నగా వెనక్కి జరపాలి. ఐదు సెకన్లు ఆపి వదలాలి, పదిసార్లు. గడ్డం పైకి లేస్తే మెడ వెనక పూసలు నలుగుతాయి, ప్రయోజనం పోతుంది. గట్టిగా నొక్కినా నొప్పే. తల గోడకు తాకకపోతే మధ్యలో మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుని, వారాల మీద దాని మందం తగ్గించుకుంటూ రావాలి.

వీపు పైభాగానికి బోర్లా పడుకుని, చేతులు తలపైన ‘వై’ ఆకారంలో చాపి, బొటనవేళ్లు పైకప్పు వైపు ఉంచి చేతులను నేల నుంచి లేపాలి, పదేసి మూడుసార్లు. భుజాలు చెవుల వైపు లేస్తే పని చేయాల్సిన కండరం కాక, ఇప్పటికే అలిసిపోయిన కండరం పని చేస్తున్నట్టు. ఛాతీ ముందు కండరానికి తలుపు చట్రానికి ముంజేయి ఆనించి ఒక అడుగు ముందుకేసి 30 సెకన్లు సాగదీయాలి, మూడుసార్లు. దీంట్లో నడుము విల్లులా వంచేస్తుంటారు; పొట్ట బిగబట్టి ఉంచితే వంగదు. వారానికి నాలుగైదు రోజుల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ తేడా తెలియదు. పది రోజులు చేసి మానేయడమే ఎక్కువగా జరిగేది.

ఆన్‌లైన్‌లో అమ్మే భుజాల బెల్టు తొడిగినంతసేపు భుజాలు వెనక్కి ఉంటాయి, విప్పితే మళ్లీ ముందుకొస్తాయి. రోజుకు అరగంట గుర్తు చేసే సాధనంగా వాడితే తప్పులేదు, రోజంతా వేసుకుంటే కండరం పని దానికి అప్పగించినట్టే. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మాత్రం మానుకోవాల్సిన సరదా. మెడ పూసల్లోని రంధ్రాల గుండా మెదడుకు రక్తనాళాలు వెళ్తాయి. అకస్మాత్తుగా మెలితిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే అయినా వచ్చినవాళ్లలో పడుచువాళ్లూ ఉన్నారు.

కాలేజీ చేయగలిగింది

బెంచీలన్నీ ఒక్కసారి మార్చమని ఏ యాజమాన్యాన్నీ ఒప్పించలేం. తరగతికి ఉన్న వరసల్లో మూడో వంతు బెంచీల కాళ్లను ఐదారు సెంటీమీటర్లు కోయించి, ఇంకో మూడో వంతుకు అంతే ఎత్తు రబ్బరు బుష్‌లు తొడిగించడం వెల్డింగ్ షాపువాడికి ఒక్కరోజు పని. దాంతో కుదిరేది సీటు ఎత్తే, సీటుకూ బల్లకూ తేడా మారదు. ఆ మిగిలింది వాలు ప్యాడ్ చూసుకుంటుంది. అప్పుడు రోల్ నంబరు వరసలో కాకుండా ఎత్తును బట్టి కూర్చోబెట్టాలి. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక అన్న పాత బడి పద్ధతి బోర్డు కనబడటం కోసం పెట్టింది. ఇక్కడ మెడకూ పనికొస్తుంది. సాయంత్రం మూడు గంటల స్టడీ అవర్ మధ్యలో రెండుసార్లు గంట కొట్టి, కారిడార్ చివరున్న నీళ్ల కుళాయి దాకా పంపిస్తే పోయేది ఆరు నిమిషాలు.